చేప పేరు మీద కుళాయి

మా వేమగుంట పురపాలక సంఘం ఆఫీసుకి చేపల తొట్టి రావడానికి మూలకారణం జనం కోపం.

ఫిర్యాదులతో ఆఫీసులకు వచ్చేవాళ్ళు మరీ గట్టిగా మాట్లాడుతున్నారని పైనున్న పెద్ద ఆఫీసుకు ఒక నివేదిక అందింది. దాన్ని తయారుచేసిన నిపుణులు, జనం ఎందుకు గట్టిగా మాట్లాడుతున్నారన్న సంగతి తమ పరిధిలోకి రాదని మొదటి పేజీలోనే చెప్పేసి, మెల్లగా ఎలా మాట్లాడించాలన్న దాని మీదే దృష్టి పెట్టారు. నీళ్ళలో ఈదే చేపలను కాసేపు చూస్తే మనిషికి కోపం దిగిపోతుందని తేల్చారు. అలా ‘ప్రశాంత కార్యాలయం’ అనే పథకం పుట్టింది. ప్రతి పురపాలక ఆఫీసులోనూ, కమిషనర్ గది ముందు, ఫిర్యాదుదారులు కూర్చునే బల్లకు ఎదురుగా ఒక అద్దాల తొట్టి, అందులో రంగురంగుల చేపలు ఉండి తీరాలని, చేపల బాగోగులను బట్టి ప్రతి నెలాఖరుకూ ఆఫీసులకు ర్యాంకులిస్తామని ఉత్తర్వు వచ్చింది.

మా కమిషనర్ విరూపాక్షరావు గారు ఉత్తర్వుల మనిషి. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా ‘ఈ అంశాన్ని పరిశీలించవలసింది’ అంటారని వాళ్ళ పక్కింటివాళ్ళు చెబుతారు. ఉత్తర్వు అందిన రోజే తొట్టి తెప్పించారు. బజారులో రంగు చేపలు అమ్మే నజీరు దగ్గర చేపలు కొనిపించారు. పురపాలక సంఘం వారి కుళాయి నీళ్ళతోనే తొట్టి నింపించారు.

మా ఊరి కుళాయి నీళ్ళు మామూలు రోజుల్లో పలచని టీ రంగులో ఉంటాయి. వానాకాలంలో చిక్కటి టీ. తొట్టిలో వదలగానే చేపలు కనపడకుండా పోయాయి. మర్నాడు పొద్దున కనపడ్డాయి, నీళ్ళ మీద తేలుతూ.

సరుకు నాసిరకమని కమిషనర్ గారు వేరే చేపలు తెప్పించారు. అవీ అంతే. మూడో విడత చేపలు కూడా పోయాక పైనుంచి ఒక మెమో దిగింది. ఇతర పట్టణాలలో జీవించుచున్న చేపలు మీ పట్టణంలో మాత్రమే ఎందుకు మరణించుచున్నవో సంజాయిషీ ఇవ్వవలసిందని అందులో ఉంది. నీళ్ళ గురించి జనం ఇచ్చిన అర్జీలు ఆయన బీరువా నిండా ఉన్నాయి గానీ, నీళ్ళ గురించి పైనుంచి అడగడం ఆయన సర్వీసులో అదే మొదలు. వెంటనే ఇంజనీరు ఫణిభూషణం గారిని పిలిపించారు.

“చేపలు చచ్చిపోతున్నాయి, ఫణిభూషణం గారూ.”

“మన నీళ్ళకు ఇంకా అలవాటు పడలేదు సార్. జనం కూడా మొదట్లో ఇలాగే ఇబ్బంది పడ్డారు. తర్వాత సర్దుకున్నారు.”

“జనానికి టైముంది. చేపలకు నెలాఖరులో ర్యాంకింగు ఉంది.”

ఇంజనీరు గారికి పరిస్థితి అర్థమైంది. ఆఫీసు వెనక గదిలో డ్రమ్ములు పెట్టించారు. ఒకదాంట్లో గులకరాళ్ళు, వాటి మీద కడిగిన ఇసుక. ఇంకోదాంట్లో బొగ్గు. తొట్టి లోపల చిన్న మోటారు, దానికి తొడిగిన స్పాంజి ఫిల్టరు. మోటారు మురికి నీళ్ళను స్పాంజిలోకి లాగి, శుభ్రమైన నీళ్ళను బుడగలతో బయటికి వదులుతుంది. రెండు రోజుల్లో తొట్టి వెనక గోడకున్న క్యాలెండరులో తిథులు కూడా నీళ్ళలోంచి చదువుకునేటట్టు అయ్యాయి. ఫణిభూషణం గారికి నీళ్ళు శుభ్రం చేయడం వచ్చని ఊరికి ఆ రోజే తెలిసింది.

ఫిల్టరు శుభ్రం చేసే పని అటెండరు జోజప్పకు అప్పజెప్పారు. జోజప్ప పని మొదలుపెడితే సగంలో వదిలే రకం కాదు. స్పాంజిని బయటికి తీసి, బ్లీచింగ్ పౌడరు చల్లి, బట్టల బ్రష్షుతో రుద్ది, కొత్తదానిలా చేసి పెట్టాడు. మర్నాటికి తొట్టి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా తయారై, ఒక చేప పక్కకు ఒరిగింది. నజీరు పరుగెత్తుకొచ్చాడు.

“అంత తెల్లంగా ఉతికితే ఎట్టా అన్నా? కంటికి ఆనని పురుగులు ఆ స్పాంజిలోనే ఉండి నీళ్ళని బాగుచేస్తాయి. నువ్వు వాటిని చంపేశావ్. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండు సార్లు మెల్లంగా పిండి పెట్టెయ్, చాలు. కుళాయి నీళ్ళు మాత్రం తగలనీయబాక.”

కమిషనర్ గారు ఈ మాటలను ఆఫీసు భాషలోకి మార్చి ఉత్తర్వు జారీ చేశారు: ‘స్పాంజియందలి మురికిని సంపూర్ణముగా నిర్మూలింపరాదు. సదరు మురికిలో కంటికి కనపడకుండా సేవలందించుచున్న జీవులను గుర్తించి, యథాతథముగా కొనసాగించవలెను.’ నోటీసు బోర్డు మీద ఇది చూసి, తమ గురించేననుకుని పాత సిబ్బంది చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

చేపలు బతికాయి. ఆ నెల ర్యాంకుల్లో వేమగుంట పేరు పైవరసకు పోయింది. కమిషనర్ గారు తొట్టి పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

అదుగో, అప్పుడు వచ్చింది బసవపూర్ణమ్మ.

బసవపూర్ణమ్మకు బస్టాండు ఎదురు బజారులో ఇడ్లీ కొట్టుంది. భర్త పోయాక ఆవిడ ఒక్కతే నడుపుకొస్తోంది. ఆవిడ చేతి ఇడ్లీ మెత్తన. చట్నీ కూడా వంక పెట్టడానికి ఉండదు. చిక్కల్లా ఇడ్లీ రంగుతో వచ్చింది. కుళాయి నీళ్ళతో పిండి రుబ్బి, ఆ నీళ్ళతోనే ఆవిరి పెడితే ఇడ్లీ గోధుమ రంగులో దిగేది. రాగి ఇడ్లీ అనుకుని షుగరున్న వాళ్ళు కొన్నాళ్ళు వచ్చారు. అది రాగి కాదు, కుళాయి అని తెలిశాక వాళ్ళూ మానేశారు. బజారు చివర కొత్తగా పెట్టిన హోటలు వాళ్ళకు సొంత బోరుంది. బేరమంతా అటు పోయింది. ఇలాగే ఇంకొంత కాలం నడిస్తే కొట్టు మూసి చెల్లెలి పంచన చేరాల్సిందేనని ఆవిడకు తెలిసిపోయింది. ఒక సీసా నిండా కుళాయి నీళ్ళు పట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది.

“కూర్చోండమ్మా,” అన్నారు కమిషనర్ గారు, ఆవిడ నోరు తెరవకముందే. “కాసేపు చేపలను తిలకించండి. ప్రశాంతత కలిగాక మాట్లాడుకుందాం.”

బసవపూర్ణమ్మ తొట్టి ముందు కూర్చుంది. చేపల వంక చూసింది. చేపలను దాటుకుని వాటి వెనకున్న క్యాలెండరు వంక చూసింది. తన చేతిలో సీసా వంక చూసుకుంది.

“అయ్యా, ఈ నీళ్ళు యాడ్నించి తెప్పిస్తన్నారు?”

“ఎక్కడి నుంచో ఎందుకమ్మా. మన పురపాలక సంఘం కుళాయి నీళ్ళే.”

“మరి నా సీసాలోయి?”

“అవీ మన కుళాయివే. ఇవి శుద్ధి చేసినవి.”

“నాక్కూడా శుద్ధి చేసి ఇయ్యొచ్చుగా?”

“మీ అంశం పరిశీలనలో ఉంది. చేపల అంశం అమలులో ఉంది. ఈ రెంటికీ గల తేడాను మీరు గమనించాలి.”

ఆవిడ గమనించింది. “పోనీ ఇందులోంచే ఒక బిందెడు ముంచుకుపోతా. రేపటి పిండికి సరిపోద్ది.”

జోజప్ప తొట్టికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అది కుదరదమ్మా. ఆ నీరు చేపల నిమిత్తం కేటాయించబడినది. మనుషుల నిమిత్తం మళ్ళిస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది.”

“చేపకున్న యోగం నాకు లేకపాయె.”

“అలా అనుకోకండి. మనిషి నోరు విడిచి ఫిర్యాదు చేసుకోగలడు. చేప చేసుకోలేదు. అందుచేతనే దాని సంగతి ముందుగా ఆలోచించడం జరిగింది. ఈ పట్టణ పరిధిలో ఏ చేప అయినా సరే, పరిశుభ్రమైన నీరు పొందే హక్కు దానికి ఉంది.”

“ఏ చేపైనానా అండీ?”

“ఏ చేప అయినా.”

“ఆఫీసు చేపకేనా, బయట చేపక్కూడానా?”

ఇన్నేళ్ళ సర్వీసులో జనంలోంచి ఎవరూ ఆయన్ని విధాన పరమైన ప్రశ్న అడగలేదు. ఆయనకు హుషారు వచ్చింది. “మా దృష్టిలో చేపలన్నీ సమానమేనమ్మా.”

బసవపూర్ణమ్మ నమస్కారం పెట్టి, ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఒక ఫిర్యాదుదారు ప్రశాంత చిత్తంతో తిరిగి వెళ్ళారని కమిషనర్ గారు ఆ సాయంత్రం పైకి రాసి పంపారు.

మర్నాడు ఆవిడ ఒక ప్లాస్టిక్ కవరుతో వచ్చింది. కవరులో నీళ్ళు, నీళ్ళలో ఒక నారింజ రంగు చేప. దాన్ని కమిషనర్ గారి బల్ల మీద పెట్టి దొర్లిపోకుండా పేపర్‌వెయిటు ఆనించింది.

“ఇది నా చేప అయ్యా. బస్టాండు ఎదురు బజారు. దీనికి నీళ్ళిప్పించండి.”

కమిషనర్ గారు ఇంజనీరు గారిని పక్కకు తీసుకెళ్ళారు.

“ఇది బయటి చేప కదండీ. మనకేం సంబంధం?”

“సంబంధం ఉంది సార్. మెమోలో ‘మీ పట్టణంలో’ అని ఉంది. ‘మీ ఆఫీసులో’ అని లేదు. రేపిది ఆ కుళాయి నీళ్ళలో పోతే సంజాయిషీ మనమే రాసుకోవాలి.”

కమిషనర్ గారు కవరు వంక చూశారు. చేప ఆయన వంక చూసి నోరు తెరిచి మూసింది. ఆయన సంతకం పెట్టేశారు.

బసవపూర్ణమ్మ కొట్టు కుళాయికి గులకరాళ్ళూ ఇసుకా బొగ్గూ నింపిన డ్రమ్ము, దానికో స్పాంజి ఫిల్టరు బిగించారు. చేప ఉండే సీసాలోకి ఇంకో చిన్న స్పాంజి ఫిల్టరు ఇచ్చారు. కనెక్షన్ చేప పేరు మీదే ఉండాలి గనక పేరు అడిగారు. అప్పటికప్పుడు ఆవిడ ‘బంగారి’ అని చెప్పింది. తండ్రి పేరు గడి ఖాళీగా వదలకూడదు కాబట్టి జోజప్ప కాసేపు ఆలోచించి ‘పెద్ద చేప’ అని రాశాడు.

ఆ మరుసటి రోజు బసవపూర్ణమ్మ మూత తీస్తే ఇడ్లీలు తెల్లగా ఉన్నాయి. ఆవిడ మొదటి వాయి ఎవరికీ పెట్టలేదు. ఒక ఇడ్లీ విరిచి లోపల ఏ రంగుందో చూసుకుంది. లోపలా తెలుపే. దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

బేరం తిరిగి వచ్చింది. కొట్టు బల్ల మీద గాజు సీసాలో బంగారి తిరుగుతూ ఉండేది. పని తెమిలాక ఆవిడ సీసాలోని స్పాంజి తీసి, అందులోంచి తోడిన నీళ్ళలో పిండి, మళ్ళీ పెట్టేది. పెడుతూ దానితో మాట్లాడేది. “ఈ పూట అల్లప్పచ్చడి కాస్త ఘాటెక్కిందే బంగారీ. ఆ డిపో మేనేజరు ముక్కు తుడుచుకుంటానే తిన్నాడు.” భర్త పోయాక, బేరం వేళ దాటాక ఆ కొట్టులో మాటలు వినపడటం అదే మొదలు.

తెల్లటి ఇడ్లీ ఎక్కణ్ణించి వచ్చిందో ఊళ్ళో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ముందు ఎదురుగా ఉన్న దర్జీ చేపను కొన్నాడు. తర్వాత లాండ్రీ అతను. తర్వాత వీధికి వీధి. చేప వాసన తగిలితే కిటికీలు మూసుకునే పురోహితుడు కూడా రెండు పట్టుకెళ్ళాడు, ఒకటి ఇంటికి, ఒకటి అద్దెకిచ్చిన వాటాకి. నజీరు కొట్టు ముందు జనం వరసలు కట్టారు. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా ముందు “మీ చేప బాగుందా?” అని అడగడం మర్యాద అయింది.

పైవాళ్ళు మొదట మురిసిపోయారు. తర్వాత అనుమానపడ్డారు. ఒక చిన్న పట్టణంలో ఇన్ని చేపలు చట్టబద్ధంగా నివసించడం సాధ్యమేనా అని అడిగారు. బినామీ చేపలు ఉన్నట్టు తమ దృష్టికి వచ్చిందన్నారు. ప్రతి మత్స్య వినియోగదారూ ఆఫీసుకు స్వయంగా హాజరై తాను సజీవంగా ఉన్నట్టు రుజువు చేసుకొనవలెనని, లేనిచో కుళాయి నిలుపుదల చేయబడునని ఉత్తర్వు వచ్చింది.

ఆ రోజు ఆఫీసు ముందు వరస బస్టాండు దాకా సాగింది. టిఫిన్ క్యారియర్లలో, చెంబుల్లో, మగ్గుల్లో చేపలు వచ్చాయి. ఒకాయన ప్రెషర్ కుక్కరులో తెచ్చాడు. ఆయన ఉద్దేశం మీద సందేహం వచ్చి కమిషనర్ గారు రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగారు. జోజప్ప గుమ్మంలో నిలబడి చేపల పేర్లు పిలుస్తున్నాడు. చేప తోక ఆడిస్తే కమిషనర్ గారు ‘సజీవం’ అని రాసుకుంటున్నారు.

దర్జీ వంతు వచ్చింది.

“ఇది కదలడం లేదేం?”

“నిద్రపోతందండీ.”

“కళ్ళు తెరిచే ఉన్నాయి.”

“చేపలు అట్టనే పడుకుంటయ్యండీ.”

కమిషనర్ గారు ఇంజనీరు వంక చూశారు. నిద్రిస్తున్న వినియోగదారును లేపడానికి తమకు అధికారం లేదని ఫణిభూషణం గారు అభిప్రాయపడ్డారు. అందరూ ఎదురు చూశారు. కాసేపటికి అది లేచి ఒక చుట్టు తిరిగింది. వరస మళ్ళీ కదిలింది.

ఇంకొంతసేపటికి కమిషనర్ గారి నుదురు ముడిపడింది.

“ఈ తోక తెగిన చేప ఇందాక ఒకసారి వచ్చినట్టుంది.”

“అది వేరేదండీ,” అన్నాడు జోజప్ప. వెనక గుమ్మంలోంచి చేపలు ఏ దారిన వెళ్ళి మళ్ళీ వరసలోకి వస్తున్నాయో అతనికి తెలుసు. అతని వదిన కూడా ఆ వరసలోనే ఉంది. “అదీ ఇదీ అక్కచెల్లెళ్ళు.”

“ఇద్దరికీ తోక ఒకే చోట తెగిందేం?”

“కవలలండీ.”

కమిషనర్ గారు కలం ఆపారు. “ఫణిభూషణం గారూ, కవలలకు విడివిడిగా కనెక్షన్లు ఇవ్వవచ్చునా?”

“వేరు పొయ్యిలైతే ఇవ్వొచ్చు సార్.”

“వేరు పొయ్యిలేనా?”

“వేరేనండీ,” అన్నాడు జోజప్ప గట్టిగా.

అప్పుడు పిలిచిన పేరు బంగారి. బసవపూర్ణమ్మ ముందుకు వచ్చింది. ఆవిడ చేతిలో గాజు సీసా ఉంది. సీసా ఖాళీగా ఉంది.

నిన్న జరిగింది అది. ఆవిడ లోపల చట్నీ రుబ్బుకుంటుంటే, టిఫిను తింటున్న బస్సు డ్రైవరొకడు ముద్దుకొద్దీ బంగారికి ఒక గారె విరిచి సీసాలో వేశాడు. ఆవిడ వచ్చేసరికి గారె నానిపోయి, నూనె పైకి తేలి, స్పాంజి నిండా పిండి పూడుకుపోయింది. నీళ్ళు మార్చింది, స్పాంజి పిండింది. బంగారి మాత్రం తేరుకోలేదు. రేపు హాజరు పిలుస్తారని తెలిసి లాండ్రీ అతను ఆవిడ దగ్గరికి వచ్చాడు. “ఎందుకు పిన్నీ దిగులు? నజీరు దగ్గర అట్టాంటిదే ఇంకోటి తెచ్చుకో. ఆయనకేం తెలుస్తది?” అన్నాడు. “ఇంకోదాన్ని తెచ్చి బంగారీ అని పిలవమంటావా?” అందావిడ.

“వినియోగదారు ఏరీ?” అన్నారు కమిషనర్ గారు సీసాలోకి వంగి చూస్తూ.

“పోయిందయ్యా.”

ఎవరి గిన్నెలోనో ఒక చేప ఎగిరిపడిన చప్పుడు వినపడింది.

“వినియోగదారు మరణించిన పక్షంలో కనెక్షన్ రద్దు చేయబడును. విచారకరమే. కానీ నిబంధన అది.”

“రద్దు చేసుకోండయ్యా. మీరు చేపకి ఇచ్చారు, చేప పోయింది. నేనేమడుగుతా?” సీసా బల్ల మీద పెట్టింది. “రేపటికి కాదు, ఎల్లుండికి కాదు, నేనింక కొట్టు తీయను. ఆ రంగు ఇడ్లీ మళ్ళీ నా చేత్తో పెట్టలేను.”

కమిషనర్ గారు చెడ్డవారు కారు. పైగా రద్దు చేయాలంటే చేప చనిపోయిందని పైకి రాయాలి. రాస్తే మెమో వస్తుంది. కలం గాలిలోనే ఉంది. జోజప్ప గొంతు సవరించుకున్నాడు.

“ఉద్యోగస్తులు పోతే ఇంట్లోవాళ్ళకి ఇస్తారు గదండీ. అట్టాంటిదేమన్నా...”

కమిషనర్ గారి ముఖం వెలిగింది. జీవితమంతా తాను చదివిన నిబంధనలు ఒక్కసారిగా పనికొస్తున్నట్టు ఆయనకు అనిపించింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

“కారుణ్య ప్రాతిపదిక,” అన్నారు. “మరణించిన వినియోగదారుపై పూర్తిగా ఆధారపడిన వ్యక్తులు ఎవరైనా ఉన్నట్లయితే, వారి పేరు మీద సదరు సౌకర్యాన్ని కొనసాగించవచ్చును. మృతురాలిపై ఆధారపడినవారు ఎవరైనా ఉన్నారా?”

బసవపూర్ణమ్మ చీర కొంగు సర్దుకుంది.

“నేనున్నానయ్యా. దాని పేరు మీద నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళతోనే నా పొయ్యి వెలిగింది. దాని మీద ఆధారపడింది నేనే.”

“ఇతర వారసులు?”

“నాకు తెలిసి ఎవరూ లేరు.”

“ఈమె వారసత్వంపై ఎవరికైనా అభ్యంతరమా?” అని కమిషనర్ గారు వరసనంతా ఉద్దేశించి అడిగారు. చెంబులూ క్యారియర్లూ పట్టుకున్న ఊరంతా తల అడ్డంగా ఊపింది. ‘కీర్తిశేషురాలు బంగారి (చేప) వారసురాలు బసవపూర్ణమ్మ’ అని కుళాయి మారిపోయింది.

మెట్లు దిగుతూ ఆవిడ జోజప్పతో అంది. “మా ఆయన పోయినప్పుడు ఇల్లు నా పేరున మార్చండని ఇవే మెట్లెక్కా జోజప్పన్నా. అదింకా పరిశీలనలోనే ఉంది. ఈ చేప చూడు, పోయిన మర్నాడే నాకు రాసిచ్చి పోయింది.” నవ్వబోయి ఆగిపోయింది. జోజప్ప ఆ ఖాళీ సీసాను ఆవిడ చేతిలోంచి తీసుకుని వీధి చివరిదాకా మోసుకెళ్ళి ఇచ్చాడు.

వరసలో నిలబడ్డవాళ్ళు ఈ ఏర్పాటును శ్రద్ధగా విన్నారు. బతికున్న చేపకు ప్రతిసారీ హాజరు వేయించాలి. పోయిన చేపకు ఆ బాధ లేదు. ఆ వారంలో వేమగుంట చేపలకు, రికార్డుల్లో మాత్రమే, పెద్ద గండం వచ్చిపడింది. ఒక్కొక్క కుటుంబమే నల్లబ్యాడ్జీ పెట్టుకుని వచ్చి తాము ఆధారపడిన చేప ఇక లేదని చెప్పుకుంది. చేపలన్నీ మెల్లగా నజీరు కొట్టుకు తిరిగి చేరాయి. అతను వాటిని లెక్కపెట్టుకుంటూ, ఇంత ఆరోగ్యంగా ఉన్న మృతులను తానెప్పుడూ చూడలేదన్నాడు. కవలలు ఒకే రోజు పోయాయి.

ఇప్పుడు ఊరంతా చేపల వారసులు. ప్రతి కుళాయికీ ఫిల్టరు ఉండాలి. చేప బతికుండగా ఎవరి స్పాంజి వాళ్ళే పిండుకున్నారు గానీ, వారసత్వపు కుళాయి స్పాంజిని నిబంధన ప్రకారం పురపాలక సిబ్బందే పిండాలి. గుమాస్తాలు పొద్దున్నే బకెట్లతో వీధుల్లోకి వెళ్ళి సాయంత్రానికి వేళ్ళు నానిపోయి వచ్చేవాళ్ళు. జనన ధ్రువపత్రాలు ఆగిపోయాయి. సంతకాలు తడిసి అలుక్కుపోతున్నాయి. ఒకనాడు కమిషనర్ గారు తానే స్వయంగా మూడు వీధుల స్పాంజీలు పిండి వచ్చి, చొక్కా చేతులు విదిలించుకుంటూ ఇంజనీరు గారిని పిలిచారు.

“ఇలా ఎన్నాళ్ళండీ? వేరే మార్గమే లేదా?”

“ఉంది సార్,” అన్నారు ఫణిభూషణం గారు. “ఊరి చివర మన వాటర్ వర్క్స్‌లో పెద్ద ఫిల్టరు ఉంది. ఊరి నీళ్ళన్నీ దాంట్లోంచే రావాలి. ఇసుక కడగక పూడిపోయింది. వాచ్‌మన్ దాంట్లో టమాటాలు వేశాడు.”

కమిషనర్ గారు చొక్కా చేతులు విదిలించుకోవడం ఆపారు. “ఇది మీకు ముందే తెలుసా?”

“తెలుసు సార్. కడగమని ఎవరూ అడగలేదు.”

“జనం ఇన్నేళ్ళుగా అడుగుతున్నారు కదా?”

“జనం అడిగారు సార్. చేపల తరఫున అడగలేదు.”

టమాటాలు పీకేశారు. ఇసుక తవ్వి తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పరిచారు. బొగ్గు పొర వేశారు. ఇసుకను ఎంతవరకు కడగాలి, ఎక్కడ ఆపాలి అన్నది నజీరు గట్టు మీద కూర్చుని చెప్పాడు. పని పూర్తయిన రోజు ఊళ్ళో ప్రతి కుళాయిలోంచీ ఒకే రకం నీళ్ళు వచ్చాయి, గిన్నె అడుగున మచ్చలు కనపడేటంత తేటగా. ముసలివాళ్ళు కొందరు గ్లాసులో పోసుకుని, నీళ్ళు ఇంకా రాలేదేమోనని మళ్ళీ చూశారు.

ప్రారంభోత్సవానికి పై ఆఫీసు నుంచి పెద్ద అధికారి వచ్చారు. వాటర్ వర్క్స్ గోడ మీద పాలరాతి ఫలకం పెట్టించారు: ‘దివంగత అలంకార మత్స్యముల స్మారక జలశుద్ధి కేంద్రము’. దాని కింద చిన్న అక్షరాలతో, ‘వారసులు కూడా వినియోగించుకొనవచ్చును’.

అధికారి గారు మాట్లాడారు. “ఈ పట్టణంలో ఇంతటి సంఖ్యలో మత్స్యములు స్వల్ప వ్యవధిలో అసువులు బాయడం తీరని లోటు. అయినప్పటికీ, వాటిపై ఆధారపడిన కుటుంబాలను ఆదుకోవడంలో విరూపాక్షరావు గారు కనబరచిన చొరవ ఇతర పట్టణాలకు ఆదర్శం కావాలి. ఆ మూగజీవాల స్మృత్యర్థం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం.”

ఊరంతా లేచి నిలబడింది. దర్జీ పెదవి కొరుక్కుని నేల చూపులు చూశాడు. పురోహితుడు కళ్ళు మూసుకున్నాడు. లాండ్రీ అతని భుజాలు కదులుతుంటే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. నజీరు నవ్వు ఆపుకోలేక ఫిల్టరు గోడ వెనక్కి పోయాడు. గుండెల మీద చేతులు పెట్టుకుని ఊరు ఊరంతా, తమ ఇళ్ళలో ఏనాడూ పోని చేపల కోసం మౌనంగా నిలబడింది.

ఒక్క బసవపూర్ణమ్మే నిజంగా ఏడుస్తోంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగడం లేదు.

మౌనం ముగిసింది. అధికారి గారు కూర్చుంటూ ఆవిడను గమనించి, వెనక నిలబడ్డ జోజప్ప వైపు వంగి అడిగారు.

“ఆవిడ ఎవరయ్యా? పోయినవాళ్ళకు ఏమవుతుంది?”

“వారసురాలండీ.”

అధికారి గారు చప్పున లేచారు. చెప్పులు వదిలేసి, వేదిక దిగి వెళ్ళి, ఆవిడ ముందు చేతులు జోడించారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, “ఇడ్లీ తిని పోదురుగాని రండయ్యా,” అంది.